కిల్కెన్నీ: నాన్నతో పాత బజారు వీధుల్లో రెండు రోజులు

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే, మొదటి శనివారమే సముద్రపు ఒడ్డు కొండచరియలు, క్లిఫ్స్ ఆఫ్ మోహర్ బస్సెక్కిస్తాం. మేమూ అదే చేశాం. నాన్న మఫ్లర్ బిగించుకుని ఆ గాలిలో కాసేపు సముద్రాన్ని చూశారు. తిరుగు ప్రయాణంలో నెమ్మదిగా అడిగారు: "కొండా బాగుంది, సముద్రమూ బాగుంది. మరి వీళ్ళ ఊళ్ళు ఎలా ఉంటాయమ్మాయ్? పాత కొట్లూ బజారూ ఉన్న ఊరు ఒకటి చూపించవూ?"

తెనాలిలో నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. రెండు వారాల తర్వాత, మనవరాలిని వదిలి రానని అమ్మ ఇంట్లోనే ఉండిపోతే, నేనూ నాన్నా కిల్కెన్నీ వెళ్ళాం.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే చవక, సీటు దగ్గర మన పేరు కూడా కనిపిస్తుంది. అది చూసి నాన్న చాలా సంతోషపడ్డారు. దిగే స్టేషన్ పేరు మక్‌డొనా. బయటికి రాగానే పక్కనే పెద్ద షాపింగ్ సెంటర్, దాని పేరూ మక్‌డొనా జంక్షనే. మేం అందులో ఓ టీ తాగి, గొడుగు కొనుక్కుని ఊళ్ళోకి నడిచాం. అది ఎలాంటి నేలో అప్పటికి మాకు తెలియదు.

జాన్ స్ట్రీట్ వెంట దిగి నోర్ నది మీద వంతెన దాటితే పాత ఊరు మొదలవుతుంది. అటు కోట నుంచి ఇటు సెయింట్ కానిస్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి దాకా మొత్తం నడక సుమారు ఒక కిలోమీటరు. ఆ కాస్త దూరంలోనే ఎనిమిది వందల ఏళ్ళ వ్యాపారం పేరుకుని ఉంది. వచ్చినవాళ్ళలో చాలామంది నేరుగా కోటకి పోతారు. నా సలహా అయితే ముందు సందులు చూడండి, కోట సాయంత్రానికి పెట్టుకోండి.

ఇక్కడ సందుని 'స్లిప్' అంటారు. పైన హై స్ట్రీట్, కింద నది వైపు సెయింట్ కీరన్స్ స్ట్రీట్. రెండిటినీ కలుపుతూ, మెట్లు మెట్లుగా దిగే ఇరుకు దారులు. వాటిలో అందరూ ఫోటో తీసుకునేది 'బటర్ స్లిప్'. 1616లో కట్టినది. హై స్ట్రీట్ వైపు రాతి కమాను, లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాల్సినంత వెడల్పు. వెన్న అమ్మేవాళ్ళు ఈ సందులో వరసగా కూర్చునేవాళ్ళట. అందుకే ఆ పేరు. ఎండ పడని చల్లని రాతి సందు కదా, వెన్న కరగకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి చోటేముంది అన్నారు నాన్న. అది ఆయన ఊహే, ఏ బోర్డు మీదా రాసి లేదు. కానీ మా కొట్లో నేతి డబ్బాలు ఉత్తరం గోడ పక్కనే పెట్టేవాళ్ళమని ఆయన చెబుతుంటే నాకు నమ్మబుద్ధయింది. ఇప్పటికీ ఆ సందులో చిన్న కొట్లున్నాయి. పేరొక్కటే మిగిలిన సందు కాదది, బేరం మిగిలిన సందు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది వైపు నుంచి ఎక్కకుండా పైనుంచి దిగండి. వాన పడితే మెట్లు జారతాయి, పట్టు చూసుకుని అడుగేయాలి.

బటర్ స్లిప్ దగ్గర్లోనే హై స్ట్రీట్ మీద 'థోల్సెల్' ఉంది. 1761లో కట్టిన పురపాలక భవనం. కాలిబాట మీదికి స్తంభాలతో ముందుకొచ్చి, కింద జనం నడిచేలా వదిలి, పైన గడియారపు గోపురంతో ఉంటుంది. పన్నులూ సుంకాలూ కట్టే చావడి అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. 1985లో నిప్పంటుకుని బాగా దెబ్బతింటే మళ్ళీ నిలబెట్టారు. వాన వచ్చినప్పుడు మేం ఆ స్తంభాల కింద అరగంట నిలబడ్డాం. మాతోబాటు ఓ ఫిడేలు వాయించే కుర్రాడు, సరుకుల సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుక్క. కట్టి రెండున్నర శతాబ్దాలు దాటినా జనాన్ని వానలో తడవనివ్వని భవనం అది. నాకు ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది అదే.

హై స్ట్రీట్‌లో కింద అంతా ఫోన్ల కొట్లూ బట్టల కొట్లూ, ఏ ఊళ్ళోనైనా కనబడేవే. తలెత్తి పై అంతస్తులు చూడాలి. అక్కడ పాత కిటికీలూ రాతి పనితనమూ చెక్కు చెదరలేదు. కిల్కెన్నీని 'మార్బుల్ సిటీ' అంటారు. నిజానికి అది పాలరాయి కాదు, మెరుగు పెడితే నల్లగా నిగనిగలాడే సున్నపురాయి. ఒకప్పుడు కాలిబాటలకీ అదే పరిచారు. పొగ లేని నిప్పు, బురద లేని నీరు, పొగమంచు లేని గాలి, చలువరాయి పరిచిన వీధులు అని ఈ ఊరి గురించి పాత మాట ఒకటుంది. పొగ లేని నిప్పంటే దగ్గర్లోని కాజిల్‌కోమర్ గనుల బొగ్గు. ఆ గనులు 1969లో మూతపడ్డాయి.

ఒక్కచోటికే టికెట్ కొనే ఓపిక ఉంటే పార్లమెంట్ స్ట్రీట్‌లోని రోత్ హౌస్‌కి కొనండి. జాన్ రోత్ అనే వర్తకుడు 1594 నుంచి 1610 మధ్య ఒకదాని వెనక ఒకటిగా మూడు ఇళ్ళు కట్టాడు. మధ్యలో రాళ్ళు పరిచిన ముంగిళ్ళు, చివర పెద్ద తోట. వీధి వైపు కమానుల కింద వ్యాపారం, పైన కాపురం, సంతానం పెరిగిన కొద్దీ వెనక్కి ఇంకో ఇల్లు. "మన సావిళ్ళిల్లే ఇది, రాతితో కట్టారంతే" అన్నారు నాన్న. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో వాకిలి, ఆయన పుట్టి పెరిగింది అలాంటి ఇంట్లోనే. ఆ వర్తక కుటుంబాల వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1640లలో ఐరిష్ కాథలిక్కుల కూటమికి ఈ ఊరే రాజధానిలా నడిచింది. 1650 మార్చిలో ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ సేనలు ఊరిని పట్టుకున్నాక ఆ కుటుంబాలు ఆస్తులు పోగొట్టుకున్నాయి. ఇల్లు చేతులు మారి మారి, చివరికి 1960లలో కిల్కెన్నీ ఆర్కియలాజికల్ సొసైటీ చేతికొచ్చి బతికింది. తోటని పదిహేడో శతాబ్దపు పద్ధతిలో, కూరమళ్ళతో సహా, తిరిగి వేశారు. అక్కడి సిబ్బంది ఓపిక గురించి చెప్పాలి. నాన్న తెలుగులో అడగడం, నేను ఇంగ్లీషులోకి మార్చడం, వాళ్ళు నాన్న ముఖం చూసి జవాబు చెప్పడం, ఇలా గంట గడిచినా ఎవరూ గడియారం చూడలేదు.

రోత్ హౌస్‌కి దగ్గర్లో అదే వీధిలో స్మిథిక్స్ బీరు కాచిన చోటుంది. 1710లో జాన్ స్మిథిక్ మొదలుపెట్టినది, పాత ఫ్రాన్సిస్కన్ మఠం పక్కనే. 2013తో ఇక్కడ కాచడం ఆపేసి డబ్లిన్‌కి మార్చారు. ఇప్పుడున్నది సందర్శకుల కేంద్రం. మేం లోపలికి వెళ్ళలేదు, నాన్నకి ఆసక్తి లేదు. కానీ మేం దిగిన ఇంటావిడ మాట ఒకటి నాకు గుర్తుండిపోయింది. డెబ్భై దాటిన మనిషి. చిన్నప్పుడు బడికి నడుస్తుంటే ఉడికిన బార్లీ వాసన ఊరంతా కమ్ముకునేదట. అది ఆగిపోయిన ఏడాది, పొద్దున్నే కిటికీ తెరిస్తే ఏదో తప్పిపోయినట్టుండేదని, ఏమిటో అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టిందని చెప్పింది. వీధులకి బోర్డులు పెట్టి కాపాడుకోవచ్చు. వాసనలకి ఆ వీలు లేదు.

ఇక నాన్న ప్రయాణం సార్థకమైన చోటు. జాన్స్ బ్రిడ్జి పక్కనే టైనన్స్ బ్రిడ్జ్ హౌస్ అనే పాత పబ్బుంది. ఆయన తాగరు కాబట్టి గుమ్మం దగ్గర ఆగిపోయారు. నేనే బలవంతాన లోపలికి తీసుకెళ్ళాను. ఐర్లండ్‌లో ఒకప్పుడు పబ్బూ కిరాణా కొట్టూ ఒకే కప్పు కింద ఉండేవి. రైతు సంతలో పశువుని అమ్ముకుని వచ్చి, ఒక పక్క టీపొడి, పంచదార కట్టించుకుని, ఇంకో పక్క గ్లాసు పట్టుకునేవాడు. అరువు పద్దు కూడా అక్కడే. ఈ పబ్బు అలా కిరాణా కొట్టుగా, మందుల కొట్టుగా నడిచినదే. గోడకి ఆనాటి చెక్క సొరుగులు ఇంకా ఉన్నాయి, వాటి మీద సరుకుల పేర్లతో. నేను ఒక్కొక్కటీ చదివి చెప్పాను: జాపత్రి, మాదీఫలం, సగ్గుబియ్యం.

నాన్న సొరుగు దగ్గరికెళ్ళి, తాకవచ్చా అని నన్ను అడిగించి, ఇత్తడి పిడిని వేలితో నిమిరారు. "సగ్గుబియ్యం సొరుగు కింది వరసలో పెట్టాలి, బరువు. జాపత్రి పైన. వీళ్ళకి తెలుసు" అన్నారు. కౌంటరు వెనకున్న మనిషికి నేనది చెప్పగానే ఆయన చేయి తుడుచుకుని వచ్చి నాన్నతో కరచాలనం చేశాడు. రెండు కప్పుల టీ పెట్టి డబ్బులు తీసుకోలేదు. ఆ పావుగంట కోసమే మళ్ళీ కిల్కెన్నీ వెళ్ళమన్నా వెళ్తాను.

కోట సంగతి క్లుప్తంగా చెబుతాను. బట్లర్ వంశం 1391లో కొని 1935 దాకా అక్కడే కాపురముంది. వెళ్ళిపోతూ సామాను వేలం వేసింది. 1967లో కోటని 50 పౌండ్ల నామమాత్రపు ధరకి ఊరికి ఇచ్చేసింది. లోపలి గదులు అందంగా ఉంటాయి గానీ శని, ఆదివారాల్లో గుంపులో సాగాల్సిందే. వెనక ఉన్న విశాలమైన పార్కుకి టికెట్ అక్కర్లేదు. ఎదురుగా పాత గుర్రపుశాలల్లో చేతిపని వస్తువుల కొట్లున్నాయి. 1963లో ప్రభుత్వం ఇక్కడే కిల్కెన్నీ డిజైన్ వర్క్‌షాప్స్ పెట్టింది. దేశంలో తయారయ్యే గిన్నే గుడ్డా నాణ్యంగా ఉండాలన్న పట్టుదలతో నేతగాళ్ళనీ కుమ్మరులనీ వెండిపనివాళ్ళనీ ఒకచోట చేర్చారు. వస్తువుల ధరలు ఎక్కువే. అమ్మకి ఒక చిన్న మట్టి జాడీ కొన్నాం.

కెథీడ్రల్ వైపు వెళ్ళేటప్పుడు బ్రేగా అనే చిన్న వాగు దాటతారు. అవతలిది ఐరిష్‌టౌన్, ఇవతలిది ఒకప్పటి ఇంగ్లీషువాళ్ళ ఊరు. ఇంగ్లీషువాళ్ళు ఐరిష్‌వాళ్ళతో వియ్యమందకూడదు, వాళ్ళ భాష మాట్లాడకూడదు అని 1366లో శాసనాలు చేసింది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు ఆ వాగు మీద నడిచేవాళ్ళు కిందికి కూడా చూడరు. కెథీడ్రల్ పక్కన దాదాపు 30 మీటర్ల గుండ్రటి రాతి గోపురం ఎక్కవచ్చు. లోపల నిచ్చెనల్లాంటి మెట్లు, పెద్దవాళ్ళకి పనికిరాదు. నాన్న కింద కూర్చుంటే నేనెక్కాను. పైనుంచి చూస్తేనే ఊరి కట్టుబడి తెలిసింది: ఒక్క పొడవాటి బజారు వీధి, దానికి చేపముల్లులా సందులు.

బస గురించి ఒక హెచ్చరిక. కిల్కెన్నీకి వారాంతాల్లో పెళ్ళికి ముందు స్నేహితులు చేసుకునే పార్టీల గుంపులు ఎక్కువగా వస్తాయి. మొదటి రాత్రి ఊరి మధ్యలోనే ఓ హోటల్లో దిగాం. గది బుక్ చేసేటప్పుడు ప్రశాంతంగా ఉంటుందన్నారు. తెల్లవారుజామున రెండింటి దాకా కింద పాటలు ఆగలేదు, నాన్న కన్ను మూయలేదు. రిసెప్షన్‌లో చెబితే చెవుల్లో పెట్టుకునే దూది ఇచ్చారు. పొద్దున్నే ఖాళీ చేసి, పది నిమిషాల నడక దూరంలో ఓ ఇంటావిడ నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌కి మారాం. సగం ధర, రెట్టింపు మర్యాద. శాకాహారమని ముందే చెబితే ఓట్స్ జావ, పుట్టగొడుగులు, వేడి వేడి బ్రౌన్ బ్రెడ్ పెట్టింది. బయట సూప్ తాగేవాళ్ళు, పేరుకి కూరగాయల సూపే అయినా చికెన్ నీళ్ళతో చేశారేమో అడిగి తీసుకోండి. కొట్లు సాయంత్రం ఆరుకల్లా మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి గానీ కొన్ని తెరవరు.

బయల్దేరే రోజు ఆ ఇంటావిడే అడిగింది, స్టేషన్ పక్కన షాపింగ్ సెంటర్ చూశారా అని. చూశాం, టీ తాగాం అన్నాను. అది పాత వర్క్‌హౌస్ అంది. 1842లో తెరిచిన పేదల శాల, 1300 మంది కోసం కట్టినది. 1840లలో బంగాళాదుంప పంట పోయి వచ్చిన కరువులో అంతకు మించి ఎందరో వచ్చి చేరారు. ఊరి శ్మశానాల్లో చోటు చాలక, చచ్చిపోయినవాళ్ళని ఆ ప్రాంగణంలోనే గుంటలు తీసి పూడ్చారు. తర్వాత అందరూ మరిచిపోయారు. షాపింగ్ సెంటర్ కట్టడానికి 2005లో నేల తవ్వితే కనీసం 970 మంది అస్థికలు బయటపడ్డాయి. సగానికి పైగా పిల్లలవి. 2010లో వాళ్ళని పక్కనే ఒక స్మారక తోటలో మళ్ళీ ఖననం చేశారు.

బండికి గంట ముందే అక్కడికి వెళ్ళాం. షాపింగ్ సెంటర్‌లో కలిసిపోయిన ఆ బూడిదరంగు రాతి భవనాలు మొదటి రోజు కూడా కనబడ్డాయి, పాతవి కాబోలు అనుకుని వచ్చేశాం. తోటలో మేం తప్ప ఎవరూ లేరు. కరువు రోజుల్లో ఇక్కడినుంచి ధాన్యమూ వెన్నా ఇంగ్లండుకి ఓడల్లో పోతూనే ఉన్నాయని నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"బటర్ స్లిప్‌లో అప్పుడూ అమ్మే ఉంటారు" అన్నారు చివరికి.

బండికి ఇంకా నలభై నిమిషాలుంది. లోపలికెళ్ళి టీ తాగుదామా అని నేనడగలేదు, ఆయనా అనలేదు. చెప్పులు విడిచి తోట అంచున నిలబడ్డారు. నేను సంచులు పట్టుకుని పక్కన నిలబడ్డాను.