అంబాసిడర్‌కు ఫ్లోర్ గేరు: ఆరేళ్లు, 38 వేల కిలోమీటర్లు తిరిగాక

మాది 1974 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. నాన్న 1988లో గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2019 జనవరిలో దాని హ్యాండ్ గేరు (స్టీరింగు పక్కన ఉండే గేరు లీవరు) తీయించి ఫ్లోర్ గేరు (కారు నేల మీద ఉండే లీవరు) పెట్టించాను. అప్పటి నుంచి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదటి రెండు నెలల్లో అడిగి ఉంటే ఈ పని జోలికి వెళ్లవద్దని చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. కానీ అందరికీ అవసరమైన పని అని కూడా చెప్పను.

మార్చడానికి కారణం నాన్న భుజం. 2017 చివర్లో ఆయన ఎడమ భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. మనకు స్టీరింగు కుడివైపు కాబట్టి గేరు వేసేది ఎడమ చేత్తోనే. హ్యాండ్ గేరుకు ఆ చెయ్యి ఛాతీ ఎత్తుకు లేవాలి, అక్కడే పైకీ కిందికీ ఆడాలి. మూడో గేరు నుంచి రెండుకు మార్చిన ప్రతిసారీ ఆయన పళ్లు బిగపట్టేవారు. తెనాలి నుంచి విజయవాడ వెళ్లొచ్చిన రాత్రి అన్నం కంచం కూడా కుడి చేత్తోనే అందుకునేవారు. ఒకరోజు ఆయనే "అమ్మేద్దాం రా" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆ కారుకు ఎవరినీ చెయ్యి తగలనివ్వని మనిషి నోట ఆ మాట విన్నాక నేను ఆటోనగర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

హ్యాండ్ గేరు నడపనివాళ్ల కోసం దాని పనితనం కొంచెం చెప్పాలి. లీవరు స్టీరింగు కాలమ్ పక్కన ఉంటుంది. దాన్ని మనవైపు లాగినా, అవతలికి నెట్టినా ఏ జత గేర్లు కావాలో ఎంచుకున్నట్టు. పైకో కిందికో కదిపితే ఆ జతలో ఒక గేరు పడుతుంది. ఈ రెండు కదలికలూ కాలమ్ వెంట కిందికి దిగి, రాడ్ల ద్వారా, మలుపులు తిరిగి గేర్‌బాక్సు దాకా వెళ్లాలి. ఈ రాడ్ల వరుసనే లింకేజీ అంటారు. ప్రతి మలుపులోనూ ఒక బుష్షో (కదిలే భాగానికి తొడిగే చిన్న గొట్టం లాంటిది) పిన్నో ఉంటుంది. ఒక్కొక్కటి వెంట్రుకవాసి అరిగినా, చివరికి లీవరు అంగుళం మేర వదులుగా ఊగుతుంది. బాగా అరిగితే ఒక గేరు వదలకుండానే రెండోది పట్టుకుంటుంది, లింకేజీ బిగుసుకుపోతుంది. అప్పుడు రోడ్డు మధ్యలో దిగి, బానెట్ ఎత్తి, చేత్తో రాడ్ లాగి న్యూట్రల్‌కు తేవాలి. అంబాసిడర్, ఫియట్ నడిపిన పెద్దవాళ్లను ఎవరిని అడిగినా ఈ అనుభవం చెబుతారు. మా కారు 2018లో ఇలా నాలుగుసార్లు ఆగింది.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. భుజం నొప్పికీ లింకేజీ అరుగుదలకూ కలిపి ఒకటే మందు అనుకున్నాను. మా బాబాయిది బాపట్లలో 1985 మార్క్ 4. ఆయన అదే ఏడాది లింకేజీ మొత్తం విప్పించి, కొత్త బుష్‌లు వేయించి, అరిగిన పిన్నులు లేత్‌లో చేయించుకున్నారు. మొత్తం మూడు వేలు కూడా కాలేదు. ఆ కారు హ్యాండ్ గేరు ఈ రోజుకీ రెండు వేళ్లతో పడుతుంది. గేరు సరిగా పడటం లేదనే ఒక్క కారణంతో ఫ్లోర్ గేరు పెట్టించాలనుకుంటే, ముందు ఆ పని చేయించండి. నాన్న భుజం బాగుండి ఉంటే నేనూ అక్కడితో ఆపి ఉండాల్సింది.

మార్చడానికి ఆటోనగర్‌లో నాకు మూడు దారులు చెప్పారు. పాత గేర్‌బాక్సునే ఉంచి, నేల మీద ఒక లీవరు బిగించి, అక్కడి నుంచి రాడ్లు కలపడం ఒకటి. ఇది అన్నిటికన్నా చవక. అలా చేసిన ఒక కారు నడిపి చూశాను. లీవరు చోటు మారింది కానీ అరిగే జాయింట్లు అలాగే ఉన్నాయి. పాత బాక్సులో మొదటి గేరుకు సింక్రోమెష్ (బండి కదులుతుండగా గేరు కరకరమనకుండా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. లీవరు ఎక్కడ పెట్టినా ఆ గుణం పోదు. రెండో దారి జపాన్ కంపెనీ ఇసుజు ఇంజన్, దాని ఐదు గేర్ల బాక్సు కలిపి దించడం. నడకకు అదే గొప్పది. కానీ ఇంజన్ నంబరు మారుతుంది, ఆర్‌సీలో మార్పించుకోవాలి, పైగా నాన్నకు పాత ఇంజన్ శబ్దం పోవడం ఇష్టం లేదు.

మూడోది నేను ఎంచుకున్నది. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సా అనే కారును తెచ్చినప్పుడు మొదట్లో అందులో పెట్టింది అంబాసిడర్ ఇంజనే, 1489 సీసీది. కానీ గేరు మాత్రం నేల మీద. అంటే అదే ఇంజన్‌కు కంపెనీయే జత చేసిన ఫ్లోర్ గేర్‌బాక్సు ఒకటి ఉంది. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజను, ఫ్లోర్ గేరు. కాబట్టి ఈ ఇంజన్‌కు ఫ్లోర్ గేరు పెట్టడం ఎవరో కొత్తగా కనిపెట్టిన అతుకు కాదు. స్క్రాప్‌లో కాంటెస్సా నాలుగు గేర్ల బాక్సు 17 వేలకు దొరికింది.

మొదటిసారి పని చేసిన షెడ్డు పేరు చెప్పను. బాక్సు ఇంజన్‌కు బిగిసింది, కారు కదిలింది, డబ్బు తీసుకున్నారు. ఇంటికి వచ్చే దారిలోనే 60 దాటగానే సీటు కింద వణుకు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే తిరిగే కడ్డీ) పొడవు సరిపోక కోసి వెల్డింగ్ చేశారు కానీ బ్యాలెన్సింగ్ చేయించలేదు. నేలలో లీవరు కోసం కోసిన కన్నం అరచేయి పట్టేంత పెద్దది, అంచులు గరుకుగా వదిలేశారు. అన్నిటికన్నా బాధ పెట్టింది స్పిగాట్ బుష్. క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఉండే చిన్న కంచు బుష్ అది. గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొన దాని మీద ఆనుతుంది. అంతా విప్పిన చేత్తో మార్చాల్సిన వంద రూపాయల వస్తువును మార్చకుండా పాతదే వదిలేశారు. క్లచ్ పూర్తిగా తొక్కినా లోపల షాఫ్టు తిరుగుతూనే ఉండేది, రివర్స్ వేస్తే కరకరమనేది. నాన్న ఆ శబ్దం విని కళ్లు మూసుకున్నారు. ఆయన కోసం చేయించిన పని ఆయన్నే బాధపెట్టిందని ఆ రెండు నెలలు నాకు నిద్ర పట్టలేదు.

మార్చిలో ఇంకో మేస్త్రీ దగ్గర మొత్తం దింపించాను. స్పిగాట్ బుష్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కొత్తవి. షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్‌కు పంపించాం. వెనక మౌంటింగ్‌కు పాత క్రాస్ మెంబర్ (గేర్‌బాక్సును కింద మోసే అడ్డ పట్టీ) కోయకుండా, దాని పాత రంధ్రాలకే బిగిసేలా ఒక పలక చేయించాం. మొదటిసారి 41 వేలు, రెండోసారి 14,500. సరైన చేతిలో మొదటే పెట్టి ఉంటే నలభైలో ముగిసేది.

ఇక వాడకం. మొదట ఎదురైన ఇబ్బంది ఎవరూ ముందు చెప్పనిది. అంబాసిడర్ ముందు సీటు పొడవాటి బెంచీ. రెండో గేరుకూ నాలుగో గేరుకూ లీవరు వెనక్కి వస్తుంది కదా, వచ్చి సీటు అంచుకు తగిలేది. సగం పడిన నాలుగో గేరు గుంతలో ఊడిపోయేది. లేత్ షాపులో లీవరును వేడి చేసి, ముందుకు వంచి, మళ్లీ నాన్న వైపు రెండు అంగుళాలు తిప్పించాం. మూడుసార్లు కూర్చోబెట్టి కొలిచాం. ఈ కొలత మీ కారులో మీ చేతికే తీసుకోవాలి. ఇప్పుడు ఆయన మోచెయ్యి తొడ మీద ఆనించే అన్ని గేర్లూ వేస్తారు. భుజం కదలక్కర్లేదు. నాకు ఈ మొత్తం పనిలో విలువైనది ఇదే.

గేరు పడటంలో తేడా మాటల్లో చెప్పలేనంత. లీవరు నేరుగా బాక్సు నెత్తి మీద కూర్చుంటుంది, మధ్యలో రాడ్లు లేవు. పడిందో లేదో అరచేతికి తెలుస్తుంది. 2022లో దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాం. అంతకుముందు అదే ఘాట్‌లో మలుపులో మూడు నుంచి రెండుకు దించేటప్పుడు గేరు దొరక్క, వెనక వచ్చే బస్సును చూసి నాన్నకు చెమటలు పట్టిన రోజు నాకు గుర్తుంది. ఈసారి ఆయనే పైదాకా నడిపారు, ఒక్కసారి కూడా ఆపలేదు. ఆరేళ్లలో గేరు బిగుసుకుపోవడం ఒక్కసారీ జరగలేదు.

అలవాటు మాత్రం త్వరగా పోలేదు. దాదాపు ఏడాదిపాటు సిగ్నల్ దగ్గర ఆగితే ఆయన ఎడమ చెయ్యి ముందు స్టీరింగు దగ్గరికే వెళ్లేది, అక్కడ ఏమీ లేకపోతే కిందికి దిగేది.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఎండాకాలం లీవరు చుట్టూ వేడి వస్తుంది. లీవరు మొదట్లో కన్నం మూస్తూ తొడిగే రబ్బరు బూటు రెండేళ్లకు మించి ఉండదు, పగిలిందంటే వేడితో పాటు దుమ్ము, వానాకాలం నీటి తుంపర్లు లోపలికే. ఇప్పటికి మూడోది వేశాను, ఈసారి కింద తోలు ముక్క ఒకటి అదనంగా బిగించాను, కొంత నయం. లీవరు అడుగున ఉండే నైలాన్ బుష్ 20 వేల కిలోమీటర్లకు అరిగి గలగల మొదలైంది. అది చిన్న పని, పైనుంచే మార్చవచ్చు. స్పీడోమీటరు 50 చూపిస్తే ఫోన్‌లో జీపీఎస్ 56 చూపిస్తుంది, గేర్‌బాక్సులోని డ్రైవ్ వేరు కావడం వల్ల. ఇది ఇంకా సరిచేయించలేదు. హైవే మీద నాన్న ఆ ఆరు కలుపుకొనే నడుపుతారు.

అసలు పోగొట్టుకున్నది వేరే. ముందు సీట్లో మధ్య చోటు పోయింది. నా చిన్నప్పుడు అమ్మకూ నాన్నకూ మధ్య నేను కూర్చునేవాణ్ని, తర్వాత నా చెల్లెలు, ఆ తర్వాత మా అమ్మాయి కొన్నాళ్లు. ఇప్పుడు అక్కడ లీవరు. మా అమ్మాయి మొదటిసారి చూసి "నా చోటులో ఇదేంటి తాతయ్యా" అని అడిగింది. ఇంకొకటి, రోడ్డు పక్కన ఆపినప్పుడు కుడివైపు లారీలు పోతుంటే నాన్న బెంచీ మీద జరిగి ఎడమ తలుపు నుంచి దిగేవారు. హ్యాండ్ గేరు కారులో నేల ఖాళీగా ఉండటం వల్ల అది సులువు. ఇప్పుడు లీవరు మీదుగా కాళ్లు ఎత్తి పెట్టాలి. ఆయన వయసుకు అది కుదరదు, అందుకే హైవే మీద ఆపాల్సి వస్తే నేనే ముందు దిగి వెనక వచ్చే బళ్లను చూస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కువగా ఎక్కే కారైతే దీన్ని గట్టిగా ఆలోచించండి. బకెట్ సీట్లు వేయించే ఆలోచన ఉంటే, ఆర్‌సీలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

పాత కార్లను ప్రేమించేవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, బైకులకు నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. రోజువారీగా తిప్పడానికీ వీలు లేదు. మా కారుకు 2024లో 50 ఏళ్లు నిండాయి. నాన్న రోజూ రైతుబజారుకు తీసుకెళ్లే కారు కాబట్టి మేము ఆ దారికి వెళ్లలేదు. కానీ రేపు మా అమ్మాయి దీన్ని పాత రూపానికి తేవాలనుకుంటే తేగలగాలి. అందుకే రెండో మేస్త్రీకి నేను పెట్టిన ఒకే షరతు, బాడీకి ఇంకో కోత గానీ వెల్డింగ్ గానీ వద్దని. మొదటి షెడ్డువాళ్లు కోసిన ఆ కన్నం ఒక్కటే మిగిలిన గాయం. దాని మీద స్క్రూలతో ఒక రేకు పలక బిగించి ఉంది.

పాత గేర్‌బాక్సు, కాలమ్ లీవరు, రాడ్లు అన్నీ గ్రీజు పట్టించి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. ఏ రాడ్ ఏ వైపుదో అట్టముక్కల మీద నాన్న తన చేతిరాతతో రాసి ఒక్కొక్కదానికీ కట్టారు.