బలం మందు అడిగితే జీలకర్ర లేహ్యం చేతిలో పెట్టారు

ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. చివరి పదేళ్లు ఎక్కువగా శ్రీశైలం సర్వీసే. కర్నూలులో ఎక్కితే ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాట్, రాత్రి పైనే హాల్ట్, తెల్లారుజామున మళ్లీ కిందికి. అన్నం ఎప్పుడు దొరికితే అప్పుడు, నిద్ర ఎక్కడ పడితే అక్కడ. ఇంట్లో కూర్చుంటే ఒళ్లు బాగుపడుతుందనుకున్నా, ఉల్టా అయింది. రెండు ముద్దలు తినగానే కడుపు బండలా ఉబ్బడం, రాత్రి రెండుకు మెలకువ రావడం, పొద్దున మెట్లు దిగాలంటే కాళ్లలో సత్తువ లేకపోవడం. రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ చేయించాను. బీపీ తప్ప ఇంకేమీ లేదన్నారు. గ్యాస్ గోళీ మింగినన్నాళ్లు బాగుండేది, ఆపిన మూడో రోజుకు మళ్లీ మొదలు.

నాతో డ్యూటీ చేసిన డ్రైవర్ ఒకాయన పట్టుబట్టాడు. "పాతబస్తీలో హకీంసాబ్ ఉండాడు, పోదాం పా కండక్టరన్నా. తాకత్ మందు ఇస్తాడు, గుర్రమైపోతావు!" హకీంలు చేసే యునానీ వైద్యం అంటే అప్పటిదాకా నాకు తెలిసింది జిందా తిలిస్మాత్ ఒక్కటే. 1920లో హైదరాబాదులో పుట్టిన మందది. హబ్షీ యోధుడి బొమ్మ ఉన్న ఆ సీసా లేకుండా చలికాలంలో నేను ఘాట్ ఎక్కింది లేదు.

దుకాణం కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో, బండి పట్టని సందులో ఉంది. బోర్డు మీద ఉర్దూ అక్షరాలు సగం రాలిపోయాయి, అందరూ హకీంసాబ్ దవాఖానా అనే అంటారు. లోపల గోడ పొడవునా చెక్క బీరువాలు. వాటి కింది రెండు అరలూ ఖాళీ. అడిగితే, 2009 అక్టోబరు వరదలో అరకులు (మూలికల నుంచి దించిన నీళ్లు), షర్బతులు, ఎండు మూలికలు అన్నీ బురదలో కలిసిపోయాయనీ, అప్పట్నుంచి కింద ఏమీ పెట్టమనీ చెప్పారు. ఆ వరద చూసిన వాణ్ణి కాబట్టి ఇంకేమీ అడగలేదు.

హకీంసాబుకు డెబ్బై దాటి ఉంటాయి. ఇప్పుడు చీటీ రాసేది ఆయన కోడలు, బీయూఎంఎస్ అనే యునానీ డిగ్రీ చదివిన డాక్టరు. రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు. యునానీ చదువుకు కర్నూలు కొత్త ఊరేమీ కాదు, డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో యునానీ వైద్య కళాశాల ఇక్కడే ఉంది. పెద్దాయన నాడి పట్టుకుంటాడు, కోడలు పక్కన కూర్చుని రిపోర్టులు చూస్తుంది. ఈ ఏర్పాటు నాకు నచ్చింది.

నాడి చూడడం అంటే గడియారం పెట్టి లెక్కపెట్టడం కాదట, పది లక్షణాలు గమనిస్తారట. చాలాసేపు కళ్లు మూసుకుని నా మణికట్టు పట్టుకున్నాడు. నాలుక చూశాడు. చలి ఎక్కువా, ఉక్క ఎక్కువా? చన్నీళ్లు పడతాయా? కోపం వస్తే ఎంతసేపు ఉంటుంది? చివరి ప్రశ్నకు పక్కనున్న మా ఆవిడ జవాబు చెప్పింది. పాతిక నిమిషాలు పట్టింది. ఏ ఆసుపత్రిలోనూ నాతో అంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత నా మిజాజ్, అంటే ఒంటి స్వభావం, ఏమిటో చెప్పాడు. మనిషి ఒంట్లో నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలుంటాయి, వాటి పాళ్లను బట్టి స్వభావం ఉంటుంది, నాకు బల్గం అంటే కఫం పెరిగింది అన్నాడు. గ్రీకుల నుంచి అరబ్బులకు, వాళ్ల నుంచి మనకు వచ్చిన లెక్క ఇది. యునానీ అంటేనే యవనులది, అంటే గ్రీకులది అని అర్థం. నల్ల పిత్తాన్ని ఈనాటి వైద్యం ఒప్పుకోదు, నాకూ ఆ లెక్క మీద గురి కుదరలేదు. ఊరికే తలూపాను.

గురి కుదిరింది ఆ తర్వాతి మాటకు. ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి సంగతులున్నాయని వేళ్లు మడిచి చెప్పాడు. గాలి. తిండి, నీళ్లు. ఒంటికి పని, విశ్రాంతి. మనసుకు పని, విశ్రాంతి. నిద్ర, మెలకువ. ఒంట్లో ఉండాల్సింది ఉండడం, పోవాల్సింది పోవడం. "వీటిల్లో నీకు ఏది సరిగ్గా ఉంది భాయ్?" అన్నాడు. డ్యూటీ దిగి క్యాష్ అప్పజెప్పేటప్పుడు లెక్క తగ్గితే ఎలా ఉంటుందో అలా అయింది నా పని. ఆరింటిలో గాలి ఒక్కటే సరిగ్గా ఉంది, అదీ నల్లమల దయ.

ఉండబట్టలేక తాకత్ మందు అడిగాను. ముసలాయన నవ్వాడు. "తిన్నది అరగనోనికి తాకత్ యాడ్నుంచి వస్తది?" ఇచ్చింది జవారిష్ కమూనీ. కమూన్ అంటే అరబ్బీలో జీలకర్ర. దాన్ని వెనిగర్లో నానబెట్టి, ఆరబెట్టి, వేయించి, శొంఠి, మిరియాలు వగైరా కలిపి తేనెలో లేహ్యం చేస్తారు. రెండు పూటలా అన్నం తిన్నాక అర చెంచా, పైన అరక్ బాదియాన్, అంటే మన సోంపు అరకు. ఘాటుగా, తియ్యగా, చారు పోపు వాసనతో బాగానే ఉంది. బీపీ గోళీ మాత్రం ఒక్క రోజు కూడా ఆపొద్దని కోడలు రెండుసార్లు చెప్పింది. రాత్రి అన్నం ఏడున్నర లోపల అయిపోవాలి, తిన్నాక అరగంట కూర్చోకూడదు అని చీటీ మీద రాసింది. సంప్రదింపు వంద రూపాయలు, మందులు మూడు వందల యాభై.

పక్క అరలో జవారిష్ జాలీనూస్ అని ఉంటే ఎవరీయన అని అడిగాను. సుమారు 1800 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యుడు గాలెన్ అట. ఇంకో డబ్బా ఇత్రిఫల్. అది మన త్రిఫలే, అరబ్బుల దాకా పోయి పేరు మార్చుకుని తిరిగొచ్చింది.

ఇక బాగాలేని సంగతులు. రెండోసారి పోయినప్పుడు పెద్దాయన లేడు. కౌంటరు దగ్గరి కుర్రాడు మెల్లగా ఒక పొట్లం తీసి, "స్పెషల్ మాల్ అంకుల్, కుష్తా, నెల రోజుల్లో జవానీ" అన్నాడు. తొమ్మిది వందలు. లేబుల్ లేదు, తయారీ తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు. కుష్తా అంటే లోహాన్నో ఖనిజాన్నో పుటం పెట్టి చేసిన భస్మం. సరిగ్గా చేయకపోతే సీసం, పాదరసం లాంటివి ఒంట్లో చేరే ప్రమాదం ఉంది. పొట్లం తీసుకెళ్లి కోడలి ముందు పెట్టాను. ఆమె ముఖం ఎర్రబడింది, అది తినొద్దంది, కుర్రాణ్ణి ఉర్దూలో గట్టిగానే తిట్టింది. బాగానే ఉంది గానీ, డాక్టరమ్మకు తెలియకుండా ఆ సరుకు కౌంటరు కిందికి ఎట్లా వచ్చింది? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక మార్కు అక్కడే కోశాను.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు లోపలికి పోగానే ఆ మాట ముందు చెప్పండి. మాజూన్, ఖమీరా, జవారిష్ అనే ఈ లేహ్యాలు దేనిలోనైనా తేనె పాకమో చక్కెర పాకమో ఉంటుంది. మా ఆవిడకు షుగరు. రుచిగా ఉందని నా సీసాలోంచి నాలుగు రోజులు దొంగగా తింది. ఐదో రోజు గ్లూకోమీటరు పట్టించింది.

చర్మం మీద గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగే హిజామా కూడా పక్క గదిలో చేస్తారు. డ్రైవర్ వీపు మీద చేయించుకున్నాడు, బ్లేడు తన ముందే కొత్తది విప్పారని చెప్పాడు. నేను పోలేదు, నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఆరు వారాలైంది. కడుపుబ్బరం ముప్పాతిక తగ్గింది, నిద్ర నాలుగున్నర దాకా పడుతోంది. లేహ్యం గుణమా, ఏడింటికే జొన్నరొట్టె తిని కేసీ కెనాల్ గట్టు మీద నడుస్తున్న గుణమా అంటే విడదీసి చెప్పలేను. లేహ్యం సీసా అయిపోయి పది రోజులైంది, నడక ఆపలేదు, కడుపు కూడా మళ్లీ పేచీ పెట్టలేదు.

పోవాలనుకునేవాళ్లు పొద్దున పదికల్లా చేరండి, తర్వాత కూర్చోను చోటు దొరకదు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. అరకు సీసా మూత వదులు, నా సంచిలో సగం ఒలికింది, వేరే కవరు పట్టుకుపోండి. ఐదుకు మూడున్నర ఇస్తాను. డ్రైవర్ మాత్రం ఐదూ ఇస్తానంటున్నాడు. ఆయనకు ఇంకా తాకత్ మందు ఇవ్వలేదు, మూడోసారి కూడా సోంపు అరకే ఇచ్చి పంపారు.