మీభూమి అడంగల్: పన్ను రాయితీ దగ్గర ఎంతవరకు అక్కరకొస్తుంది?

వన్‌బీ (భూమి ఎవరి హక్కులో ఉందో చూపే రికార్డు), అడంగల్ (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే రికార్డు) అంటే పంట రుణానికి బ్యాంకులో ఇచ్చే కాగితాలు అనే చాలామంది లెక్క. కానీ సాగుభూమికి చట్టాల్లో ఉన్న పన్ను రాయితీలు దాదాపు అన్నీ తిరిగి తిరిగి అడంగల్‌లోని పంట గడి దగ్గరే ఆగుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమి ఆ పనికి ఎంత పనికొస్తుందో ఈ సమీక్ష.

వన్‌బీ వరకు పేరు పెట్టడానికి లేదు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరో ఖాతా నంబరో కొడితే విస్తీర్ణం, భూమి వచ్చిన విధం కనిపిస్తాయి. వెబ్‌సైట్ నుంచి తీసిన ప్రింటు చూసుకోవడానికే. ఆడిటర్‌కి, ఆఫీసులకి ఇచ్చేది సచివాలయంలోనో మీసేవలోనో తీసిన డిజిటల్ సంతకం ఉన్న కాపీ. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (కొత్త భూకమతం పటం) నంబరు వస్తుంది. దస్తావేజులో పాతది, వన్‌బీలో కొత్తది ఉంటే రెండూ ఒకే భూమని చూపే కాగితం కూడా జతచేయాలి. లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

అసలు చిక్కు అడంగల్‌తో. అది ఫసలీ (రెవెన్యూ శాఖ పంట ఏడాది) లెక్కన నడుస్తుంది, అంటే జూలై 1 నుంచి జూన్ 30 దాకా. ఆదాయపు పన్ను ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. 2025-26 ఆదాయానికి రుజువు కావాలంటే 1434 ఫసలీ ఒక్కటే తెస్తే చాలదు, 1435 కూడా కావాలి. పట్టణం పక్క పొలం అమ్మి, ఆ డబ్బుతో వేరే సాగుభూమి కొని, అమ్మకం లాభం మీద పన్నుకి ఆదాయపు పన్ను చట్టం (1961) 54బీ సెక్షన్ కింద మినహాయింపు అడిగేవాళ్ళు అమ్మకానికి ముందు రెండేళ్ళు సాగు చేసినట్టు చూపాలి. దానికి మూడు ఫసలీల అడంగల్ పడుతుంది. అందులో ఒక్కదాంట్లో పంట గడి ఖాళీగా ఉన్నా, ‘బీడు’ అని పడినా జవాబు చెప్పుకోవాలి. ఈ-పంట (ప్రభుత్వం సీజన్‌వారీగా చేసే ఆన్‌లైన్ పంట నమోదు) రసీదు అక్కడ కాపాడుతుంది. సీజన్‌లో వ్యవసాయ సహాయకుడు పొలానికి వచ్చి ఫొటో తీశాక రైతు వేలిముద్రతో ఈకేవైసీ పూర్తి కావాలి. ఫొటో తీయించుకుని వేలిముద్ర మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

అసలు పొలం అమ్మకం మీద ఈ పన్ను ఎవరికి పడుతుంది? 2011 జనాభా ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం రెండూ లక్ష దాటిన ఊళ్ళు. కాబట్టి నగర హద్దు నుంచి 6 కి.మీ. లోపలి పొలం అమ్మితే మూలధన లాభం లెక్కలోకి వస్తుంది. పలాస-కాశీబుగ్గ, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస లాంటి చిన్న పట్టణాల దగ్గర 2 కి.మీ. లోపలి పొలానికే ఆ లెక్క. కొలత రోడ్డు మీద కాదు, ఆకాశమార్గాన తిన్నగా. భోగాపురం వైపు మాత్రం జాగ్రత్త: 2013లో భీమునిపట్నం మహా విశాఖలో కలిసింది, పది లక్షలు దాటిన నగరానికి 8 కి.మీ. లెక్క. ఈ దూరం మీభూమిలో ఎక్కడా ఉండదు, తహసీల్దారు ధ్రువపత్రం విడిగా తెచ్చుకోవాలి.

పట్టణాల్లోపల ఖాళీ స్థలం పన్ను మరో తలనొప్పి. పూర్తిగా వ్యవసాయానికే వాడే భూమి మీద అది పడకూడదు. అయినా లేఅవుట్ల మధ్య మిగిలిపోయిన జీడితోటకి డిమాండ్ నోటీసు వస్తే, తోట పేరు ఉన్న అడంగల్, ఈ-పంట రసీదు, ఫొటో జతచేసి మున్సిపల్ కమిషనర్‌కి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. రాళ్ళు పాతి ప్లాట్లు వేసిన పొలానికి మాత్రం ఏ అడంగల్ అడ్డుపడదు.

ఉద్దానం జీడి దగ్గర అడంగల్ సగం కథే చెబుతుంది. ఎండబెట్టిన పిక్కల్ని 80 కిలోల బస్తాల్లో అమ్మితే అది వ్యవసాయ ఆదాయమే. అవే పిక్కలు సొంత ఫ్యాక్టరీలో కాల్చి, కొట్టించి పప్పుగా అమ్మితే ఆదాయపు పన్ను రూల్స్ (1962)లోని రూల్ 7 వస్తుంది: పిక్కల బజారు ధర వరకే వ్యవసాయం, పైనున్న లాభం వ్యాపారం. ఫ్యాక్టరీకి ఎత్తిన రోజు బజారు ధర రాసిన చీటీ దాచుకోవాలి, అడంగల్‌లో అది దొరకదు. రొయ్యల చెరువు, పాడి, కోళ్ళు ఎలాగూ వ్యవసాయం కిందికి రావు.

చెట్ల విషయం ఇంకా పదునుగా ఉంటుంది. దున్ని, నాటి పెంచిన సరుగుడు, నీలగిరి ఆదాయం వ్యవసాయమే. తనంతట తాను మొలిచిన అడవి చెట్లు నరికి అమ్మితే కాదని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. అందుకే ‘చెట్లు’ అని కాకుండా ‘సరుగుడు’ అని పంట పేరు పడేలా చూసుకోవాలి. మొక్కలు కొన్న నర్సరీ బిల్లు కూడా ఉంచాలి.

‘మినహాయింపు కదా’ అని ఊరుకునే ఉద్యోగులకి ఒక లెక్క. 2025-26లో కొత్త విధానంలో పన్ను పడే జీతం 14 లక్షలైతే పన్ను 90,000. సరుగుడు నరికిన ఆ ఏడు 3 లక్షల పంట ఆదాయం తోడైతే శ్లాబు కోసం రెండూ కలుపుతారు: 17 లక్షల మీద 1,40,000 లోంచి 7 లక్షల (పంట 3 లక్షలు, పన్ను పడని మొదటి 4 లక్షలు) మీద 15,000 తీసేస్తే 1,25,000. పంట మీద పన్ను లేదు, కానీ జీతం మీద 35,000 పెరిగింది. సెస్సు అదనం. పంట ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు. 5 లక్షలు దాటితే విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటిపారుదలా వర్షాధారమా అని రిటర్నులో అడుగుతారు. అడంగల్‌లో ‘మెట్ట’ అని ఉండగా రిటర్నులో నీటిపారుదల అని కొడితే తర్వాత తిప్పలు.

మొత్తానికి హక్కు రుజువుకి వన్‌బీకి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. సాగు రుజువుకి అడంగల్ ఒక్కదానికే అయితే రెండున్నర, ఈ-పంట రసీదు తోడుంటే మూడున్నర. తప్పుపడిన గడి దిద్దించుకోవాలంటే సచివాలయంలో దరఖాస్తు చేసి రసీదు నంబరు తీసుకోండి. పొలం బేరానికి పెట్టాక కాదు, పంట చేలో నిలబడి ఉండగానే.