పూతరేకుల చుట్టుడు పని: భార్యకా, బయటివారికా?

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం నడిపేవారు చుట్టుడు పనిని భార్య పేరున కాంట్రాక్టుగా ఇవ్వాలా, బయటివారికి ఇవ్వాలా అని తరచూ ఆలోచిస్తారు.

బయటివారికిచ్చే కూలి నేరుగా వ్యాపార ఖర్చు. భార్యకిచ్చే ప్రతిఫలం మాత్రం, ఆమెకు ఆ పనికి తగిన సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత లేకపోతే, ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పైగా బజారు ధరకు మించి చూపిన మొత్తాన్ని అధికారి ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు.

పలుచని రేకుకు నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, చిరగకుండా మడవడంలో ఆమెది తిరిగిన చేయి అయితే నేర్పే శ్రమ ఉండదు.

బయటివారు పెళ్ళిళ్ల రోజుల్లో మానేయవచ్చు. ఇంట్లో పని ఆగదు కానీ, ఆమె కూలే బాకీ పడుతుంది. ఇది నాకు పెద్ద అన్యాయంగా తోస్తుంది.

ఆర్డర్లు తక్కువగా ఉన్న దుకాణానికి, ఆమె ఖాతాలో నెలనెలా డబ్బు వేయగలిగితే, ఇంటి చేయే నయం. రోజూ పెద్ద ఆర్డర్లుండే చోట బయటివారే తగినవారు.