ఎస్టీఐలో పెద్ద ఇంజెక్టర్లు: అయిదేళ్ల వాడకం తరువాత

నా 2011 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐలో ఇంజనులోకి ఇంధనం చల్లే కంపెనీ ఇంజెక్టర్లను తీసి, వాటికంటే పెద్దవైన ఇంజెక్టర్ డైనమిక్స్ వారి ఐడీ1050ఎక్స్ సెట్‌ను బిగించి 2025 ఆగస్టుకు అయిదేళ్లు నిండాయి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనోలో ఉంటూ, ఇదే కారులో ఆఫీసుకు వెళ్లివస్తూ, ఈ అయిదేళ్లలో 41,000 మైళ్లు నడిపాను. ఇంజెక్టర్ల గురించి మాట్లాడేవారు ఎక్కువగా ఎంత శక్తి పెరిగిందన్నదే చెబుతారు. నేను మాత్రం ఉదయం ఇంజను ఎలా అందుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఎలా నిలకడగా తిరుగుతుంది అన్న విషయాలనే ఎక్కువగా చెప్పదలిచాను. పెద్ద ఇంజెక్టర్ల మంచిచెడ్డలు అక్కడే తెలుస్తాయని ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా అర్థమైంది.

ముందుగా, మార్చవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెబుతాను. ఈ కారులోని 2.5 లీటర్ల ఇంజనుకు కంపెనీ ఇచ్చే ఇంజెక్టర్ ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 565 సీసీ పెట్రోలు పంపగలదు, అంటే గంటకు దాదాపు 54 పౌండ్లు. టర్బో ఇంజనులో ఒక హార్స్‌పవర్‌కు గంటకు 0.6 పౌండ్ల పెట్రోలు పడుతుందని తీసుకుని, ఇంజెక్టర్‌ను 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదన్న నియమం పాటిస్తే, నాలుగింటికీ కలిపి లెక్క సుమారు 306 హార్స్‌పవర్ దగ్గర ఆగుతుంది. కంపెనీ ప్రకటించిన శక్తి 305. మిగులు ఏమీ లేదన్నమాట. ఎగ్జాస్ట్ మార్చి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కొద్దిగా పెంచి, ఇంజను కంప్యూటర్‌లోని విలువలను దానికి తగ్గట్టు ట్యూన్ చేయించిన తరువాత, ఆ కంప్యూటర్‌కు తగిలించే కాబ్ యాక్సెస్‌పోర్ట్ పరికరంలో రికార్డు చేసి చూస్తే, 6,500 ఆర్‌పీఎం దగ్గర డ్యూటీ సైకిల్, అంటే ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం, 95 శాతం చూపించింది. ఆ వేగంలో ఇంజను రెండు చుట్లు తిరగడానికి, అంటే ఇంజెక్టర్ ఒకసారి తెరుచుకుని మూసుకునే వ్యవధికి, పట్టే సమయం 18.5 మిల్లీసెకన్లు, అందులో ఇంజెక్టర్ మూసుకుని ఉండేది ఒక్క మిల్లీసెకను కూడా లేదు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడం ఈ ఇంజనుకు పేరుపడ్డ జబ్బు కనుక, గాలిలో కలిసే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడితే నాక్ (ఇంధనం అదుపు తప్పి మండడం) వచ్చి ఏమవుతుందో ఊహించుకుంటూ నడపడం నాకు ఇష్టం లేకపోయింది. దానికితోడు ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోయించాలన్న కోరిక కూడా ఉంది. ఆ ఇంధనం పెట్రోలు కంటే పరిమాణంలో మూడోవంతుకు పైగా ఎక్కువ కావాలి కనుక, పాత ఇంజెక్టర్లతో ఆ మాటే తలపెట్టలేము.

అయితే నేను మొదట కొన్నది ఐడీ సెట్ కాదు. పాత ఇంజెక్టర్ల ముక్కు రంధ్రాన్ని పెద్దది చేసి సగం ధరకు అమ్మే సెట్ ఒకటి తీసుకున్నాను. మూడు నెలల పాటు అది నన్ను కష్టపెట్టింది. ఐడిల్, అంటే కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం, 600కు, 1,000 ఆర్‌పీఎంకి మధ్య ఊగిసలాడేది, ఏసీ వేయగానే ఇంజను ఆగిపోయేది. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగో సిలిండర్ ప్లగ్గు మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది, అంటే దానికి పెట్రోలు చాలడం లేదు. ఆ నాలుగు ఇంజెక్టర్లనూ, ఒక్కొక్కటి ఎంత పంపుతుందో కొలిచే ఫ్లో బెంచి మీద పెట్టించినప్పుడు, అన్నిటికంటే ఎక్కువ పంపేదానికీ తక్కువ పంపేదానికీ మధ్య 9 శాతం తేడా బయటపడింది. ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల సగటునే చూస్తుంది కాబట్టి, తెర మీద అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ఒక సిలిండర్ మాత్రం లోలోపల మాడుతూ ఉంటుంది. ఆ డబ్బు వృథా అయిందన్న బాధ కంటే, ఆ మూడు నెలలూ ఇంజనును అలా నడిపానన్న బాధే నాకు ఎక్కువ.

ఐడీ1050ఎక్స్ నాలుగూ ఒకే తీరుగా పంపేలా జతచేసి వస్తాయి. కానీ నా దృష్టిలో వాటికంటే విలువైనది వాటితో వచ్చే కొలతల పట్టిక. ఏ ఇంజెక్టరైనా కరెంటు అందిన క్షణమే తెరుచుకోదు. తెరుచుకునేందుకు పట్టే ఆ కొద్ది సమయాన్నే డెడ్ టైమ్ అంటారు. బ్యాటరీ వోల్టేజి తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. నా లాగ్‌ల ప్రకారం పెట్రోలు మీద ఐడిల్‌లో ఈ పెద్ద ఇంజెక్టర్ నిజంగా పెట్రోలు చల్లేది 0.6, 0.7 మిల్లీసెకన్ల సేపే. డెడ్ టైమ్ విలువలో 0.1 మిల్లీసెకను తప్పు దొర్లిందంటే, అక్కడ మిశ్రమం పది శాతం పైగా తప్పుతుంది. అదే తప్పు, ఈ85 మీద 13 మిల్లీసెకన్ల పాటు తెరిచి ఉండే పూర్తి వేగంలో, ఒక శాతం కూడా ఉండదు. డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద అద్భుతంగా కనిపించిన కారు సిగ్నల్ దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. కొనేముందు సీసీల సంఖ్య కంటే ముందుగా, 8 నుంచి 16 వోల్టుల వరకు డెడ్ టైమ్ పట్టిక ఇస్తున్నారా లేదా అని చూడండి.

బిగించే పని ఒక గ్యారేజీలో చేయించాను. ఇంటికి తెచ్చిన మర్నాడు బానెట్ దగ్గర పెట్రోలు వాసన వచ్చింది. విప్పి చూస్తే, నూనె రాయకుండా నొక్కి కూర్చోబెట్టినందువల్ల ఇంజెక్టర్ చుట్టూ కారకుండా ఉంచే రబ్బరు ఓ-రింగు ఒకటి అంచు తెగి ఉంది. వేడి టర్బో పక్కన పెట్రోలు కారడం అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. అప్పటి నుంచి ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) విప్పిన ప్రతిసారీ, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు తిప్పి ఒత్తిడి రానిచ్చి, టార్చి వేసి నాలుగు మూలలా చూసుకున్న తరువాతే ముందుకు వెళ్తున్నాను.

సరైన పట్టికతో ట్యూన్ అయ్యాక ఐడిల్ కంపెనీ కారులాగే ఉంది. పెట్రోలు మీద పూర్తి వేగంలో డ్యూటీ సైకిల్ 51 శాతానికి దిగింది, ఈ85 మీద అధిక బూస్ట్‌తో కూడా 75 దాటలేదు. అంత ఇంధనం అందించడానికి గంటకు 265 లీటర్ల పంపు, ఇథనాల్ శాతాన్ని కొలిచే ఫ్లెక్స్ సెన్సర్ కూడా పెట్టించవలసి వచ్చింది. వీటన్నిటి ఖర్చు ఇంజెక్టర్ల ఖర్చును మించిపోయిందన్న సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది. మైలేజ్ గ్యాలనుకు 19 మైళ్ల నుంచి ఈ85 మీద 14కు పడిపోయింది.

ఒక్కసారి మాత్రం కారు నన్ను వదిలేసింది. 2021 ఫిబ్రవరి తుఫానులో డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినప్పుడు, ట్యాంకులో ఈ85 ఉండగా ఇంజను అందుకోలేదు. ఇథనాల్ చలిలో సులభంగా ఆవిరి కాదు. దానికితోడు, స్టార్ట్ చేసేటప్పుడు ఇచ్చే ఇంధనాన్ని ట్యూనర్ వేసవి వేడికి సరిపడా మాత్రమే అమర్చాడు. ఆ విలువలు సరిచేయించిన తరువాత మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. అయినా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పెట్రోలే పోయిస్తున్నాను.

హైదరాబాద్‌లో టర్బో పోలో నడిపే మా బావమరిది, అక్కడ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చింది కదా, తానూ ఇంజెక్టర్లు మార్చాలా అని అడిగాడు. అవసరం లేదని చెప్పాను. ఈ10 నుంచి ఈ20కి మారితే కావలసిన అదనపు ఇంధనం నాలుగైదు శాతమే, దాన్ని ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్, తనంతట తానే సర్దుకుంటుంది. పైగా అతని ఇంజనులో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకే అధిక ఒత్తిడితో చల్లుతుంది కనుక, నేను ఇక్కడ రాసిన లెక్కలు దానికి వర్తించవు.

ఈ వేసవిలో నాలుగింటినీ విప్పి మళ్లీ ఫ్లో బెంచి మీద పెట్టించాను. వాటి మధ్య తేడా ఒకటిన్నర శాతం దాటలేదు. ఈసీయూ చేసే ఇంధన సర్దుబాట్లు కూడా అయిదేళ్లుగా మూడు శాతం అటూ ఇటూగానే ఉన్నాయి. పై ఓ-రింగులు మాత్రం గట్టిపడి, వేలితో నొక్కితే పగిలేలా ఉన్నాయి. ఎనిమిదింటినీ మార్చి, ఇంజను నూనె పలచగా రాసి, ఈసారి నా చేతులతోనే బిగించాను.