మయోర్కాలో లగ్జరీ సైకిల్ టూర్: రెండో వ్యాన్ ఉందా?

స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వారం రోజుల లగ్జరీ సైకిల్ టూర్ అమ్మే ఏ కంపెనీ బ్రోషర్ తీసినా వరస దాదాపు ఒకటే. ముందు కార్బన్ సైకిలు, ఎలక్ట్రానిక్ గేర్లు. తర్వాత పాత రాతి బంగళాని మార్చి పెట్టిన హోటలు, దాని ఈతకొలను. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, సైకిల్ తొక్కని మీ వాళ్లు కూడా రావచ్చు అని ఒక ముక్క. రావచ్చు అనడం వేరు, వస్తే వాళ్ల రోజు ఎలా గడవాలో కూర్చుని ఆలోచించడం వేరు. సైకిలు విషయంలో ఈ స్థాయి కంపెనీలు పెద్దగా తప్పు చేయవు. డబ్బు దండగయ్యేది ఆ చిన్న అక్షరాల దగ్గరే కాబట్టి ఈ రివ్యూ కూడా ఎక్కువగా దాని గురించే.

మామూలు ఏర్పాటు ఇలా ఉంటుంది. ఎనిమిది పది మంది తొక్కేవాళ్లు, వాళ్లతో ఒక గైడు, వెనక ఒక వ్యాను. ఆ వ్యానులో నీళ్లు, అరటిపళ్లు, విడి చక్రాలు, చలి జాకెట్లు. ఒక్క వ్యానే ఉంటే అది తొక్కేవాళ్ల వెనకే పోతుంది, పోవాలి కూడా. అప్పుడు తొక్కని మనిషికి రెండే దారులు: హోటల్లో ఉండిపోవడం, లేదా ఆ వ్యానులోనే ఎక్కి గంటకి 20 కిలోమీటర్ల వేగంతో, పావుగంటకోసారి ఆగుతూ, ఎవరి చెయిను ఊడితే వాళ్ల కోసం రోడ్డు పక్కన కాచుకుంటూ మధ్యాహ్నం దాకా ఊగుతూ పోవడం. మొదటి రోజు సరదాగానే ఉంటుంది. మూడో రోజుకి తలనొప్పి. అందుకే బుక్ చేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న సైకిల్ మోడల్ గురించి కాదు: తొక్కనివాళ్లకి విడిగా డ్రైవరుతో రెండో బండి ఉందా, అది రోజంతా ఉంటుందా, పొద్దున దింపి సాయంత్రం తెచ్చే టాక్సీనే బండి అంటున్నారా? జవాబు మెయిల్లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇద్దరికీ సరిపడే చోటు కావాలంటే యూరప్‌లో మయోర్కాని మించినది వెతకడం కష్టం. కారణం దాని ఆకారం. వాయవ్య తీరం పొడుగునా ట్రముంతానా కొండలు, 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. నడుమ చదును పొలాలు. విమానాశ్రయం ఉన్న పాల్మా నుంచి గంటా గంటన్నరలో ఏ మూలకైనా చేరొచ్చు. ఆల్ప్స్‌లో కనుమ ఎక్కేవాడు ఎక్కుతుంటే తోడు వచ్చినవాళ్లకి కింద ఊళ్లో చూసేది ఏమీ ఉండకపోవచ్చు. ఇక్కడ కష్టమైన ఎక్కుడు, చూడదగ్గ చోటు చాలాసార్లు ఒకే దగ్గర ఉంటాయి.

దీనికి స కలోబ్రా కంటే మంచి ఉదాహరణ లేదు. 1932లో ఆంతోనియో పారియెత్తి అనే ఇంజనీరు వేయించిన ఘాట్ రోడ్డు అది. 682 మీటర్ల ఎత్తున్న కనుమ నుంచి సముద్రం దాకా దిగి అక్కడే ఆగిపోతుంది, ముందుకి దారి లేదు. ఒకచోట రోడ్డు గుండ్రంగా తిరిగి తన కిందనుంచే తను దూరి పోతుంది, టై ముడి వేసినట్టు. దిగినవాడు మళ్లీ అదే 9.4 కిలోమీటర్లు, సగటున 7 శాతం వాలు, ఎక్కి తీరాలి. ఇదే చోటికి పోర్ట్ ద సోయెర్ రేవు నుంచి పడవ ఉంది. కొండ గోడలు సముద్రంలోకి నిలువునా దిగే తీరం వెంట గంటలోపు ప్రయాణం. అంటే ఒకరు కొండ మీదుగా, ఒకరు సముద్రం మీదుగా వచ్చి ఒకే చోట కలుస్తారు. ఈ వారం మొత్తానికి ఇదే అసలు రోజు, కంపెనీ పనితనం బయటపడేదీ ఇక్కడే.

సరిగ్గా నడిపేవాళ్లు ఇలా చేస్తారు. ఆ రోజుకి బస ఆ రేవుకి దగ్గరి ఊరు సోయెర్‌లో ఉంటుంది. తొక్కేవాళ్లు ఏడున్నరకల్లా బయల్దేరి పుచ్ మజోర్ ఘాట్ ఎక్కుతారు: 14 కిలోమీటర్లు, 6 శాతం, పైన ఒక సొరంగం. సొరంగంలో లైటు తప్పనిసరి, ముందూ వెనకా. అక్కడి నుంచి జలాశయం పక్కగా వెళ్లి స కలోబ్రా దిగుతారు. పదిన్నర పదకొండుకి కింద ఉంటారు. తొక్కనివాళ్లు పొద్దున తీరిగ్గా టిఫిన్ చేసి, 1913 నుంచి నడుస్తున్న ట్రాములో రేవుకి వచ్చి పడవ ఎక్కుతారు. ఇద్దరూ కింద కలిసి, కొండలో తొలిచిన నడకదారి సొరంగం గుండా తొరెంత్ ద పరేస్ అనే లోయ నోటి దగ్గరికి వెళ్తారు. రెండు కొండల మధ్య సందు, ముందు గులకరాళ్ల తీరం. ఇక్కడో చిన్న సంగతి: సైక్లింగ్ బూట్ల అడుగున ఉండే క్లీట్లతో గులకరాళ్ల మీద నడిస్తే జారడం ఖాయం, క్లీట్లూ అరిగిపోతాయి. రెండో బండి పద్ధతిగా నడిపేవాళ్లు మామూలు చెప్పులు తొక్కనివాళ్ల సంచిలో పెట్టి పడవలో పంపుతారు. ఇంత చిన్న సంగతి గుర్తున్న కంపెనీకి మిగతావి చెప్పక్కర్లేదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే భోజనం దగ్గర. కింద హోటళ్లు ఉన్నాయి కదా అని కొన్ని కంపెనీలు పెద్ద లంచ్ అక్కడే పెడతాయి. కడుపు నిండా తిని, మిట్టమధ్యాహ్నం ఎండలో గంటకు పైగా ఎక్కడం ఎవరికీ మంచిది కాదు. కింద కాఫీ, ఏదో కాస్త తీపి. అసలు భోజనం మూడింటికి పోర్ట్ ద సోయెర్‌లో, ఇద్దరూ తిరిగి చేరాక. పైగా పదకొండు దాటితే ఆ రోడ్డు మీదికి టూరిస్టు బస్సులు వస్తాయి, ముడి మలుపుల్లో బస్సుకీ సైకిలుకీ కలిపి చోటు చాలదు. ఇంకో చిక్కు, సముద్రంలో అలలు పెద్దవైతే పడవలు నడవవు. ఆ రోజుకి రెండో పథకం ఏమిటో ముందే చెప్పమనండి. గైడు ఆ పూట చూసుకుంటాడు అంటే రెండో పథకం లేదనే అర్థం.

హోటలు ఎక్కడన్నది ఇందుకే ముఖ్యం. వారమంతా ఉత్తర కొసన పోర్ట్ ద పొయెన్సాలో బస పెట్టి స కలోబ్రాకి పంపే ప్యాకేజీలున్నాయి. తొక్కేవాళ్లకి తేడా లేదు, రానూపోనూ దాదాపు 90 కిలోమీటర్లు. తొక్కనివాళ్లకి మాత్రం పడవ ఎక్కాలంటే ముందు గంటకు పైగా కారులో సోయెర్ వెళ్లాలి. మూడు రాత్రులు పొయెన్సా, నాలుగు రాత్రులు సోయెర్ అని విడగొట్టినదే మంచి ప్యాకేజీ. సామాను సర్దే చాకిరీ ఒక్కసారే, అదీ వాళ్లే మోస్తారు. పొయెన్సాలో ఉన్న రోజుల్లో కలిసే చోటుగా యుక్ మఠం సరిపోతుంది, తొక్కేవాళ్లకి ఒక మోస్తరు ఎక్కుడు, కారుకి ముప్పావుగంట. ఫోర్మెంతోర్ లైట్‌హౌస్ దాకా 20 కిలోమీటర్లు తొక్కడం అద్భుతంగా ఉంటుంది గానీ, వేసవి నెలల్లో పగటిపూట ఆ రోడ్డు మీదికి సొంత కార్లని రానివ్వరు. తొక్కనివాళ్లని అక్కడికి రప్పించాలంటే కంపెనీ కూడా ఆ దారిలో తిరిగే షటిల్ బస్సునే నమ్ముకోవాలి.

ఇక సైకిలు. బుకింగ్ ఫారంలో ఎత్తు ఒక్కటి రాసి ఊరుకోకండి. మీ సైకిల్ మీద పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు, సీటు ముందు కొస నుంచి హ్యాండిల్ వరకు కొలిచి మిల్లీమీటర్లలో పంపండి. పెడళ్లు, వీలైతే సీటు కూడా మీవే పట్టుకెళ్లండి. గేర్ల దగ్గర బేరం వద్దు: ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి కూడా 34 ఉండాలి. లెక్క తేలికే. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు, అంటే 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. ఆ లెక్కన స కలోబ్రా గంటంబావులో ఎక్కేస్తారు, మోకాళ్లు ఏమీ అనవు. వెనక 28 పళ్లే ఉంటే అవే 60 చుట్లకి గంటకి 9 కిలోమీటర్ల పైన పోవాలి. అంత సత్తువ లేనివాళ్లు పెడల్ నెమ్మదిగా, బరువుగా తొక్కుతారు, మర్నాటికి మోకాలి చిప్ప కింద నొప్పి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ట్రాక్ మీద 23 కిలోమీటర్లు రోజూ తొక్కేవాళ్లకి కూడా ఇది కొత్తే, అక్కడ ఇలాంటి ఎక్కుడు లేదు. విశాఖ నుంచి అరకు ఘాట్ తొక్కినవాళ్లకి కొంత నయం.

మనవాళ్లు తప్పక చూసుకోవాల్సింది బ్రేకులు. మన దగ్గర సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. అక్కడ ఎడమచేతిది ముందు చక్రానికి. దిగుడులో కంగారుపడి అలవాటు కొద్దీ ఎడమచెయ్యి గట్టిగా నొక్కితే ముందు చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. మార్చి ఇమ్మంటే చాలాచోట్ల మారుస్తారు, కానీ ముందే చెప్పాలి. కేబులైతే త్వరగా అవుతుంది, హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పి ఆయిల్ మళ్లీ నింపాలి. బండ్లు కుడిపక్కన నడుస్తాయన్నది సరేసరి. ఊరి బయట రోడ్ల మీద హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. సోయెర్‌లో రోడ్డులోనే ట్రాము పట్టాలు ఉంటాయి. పట్టా పక్కన గాడి సరిగ్గా సైకిల్ టైరు దిగేంత వెడల్పు. దాన్ని ఏటవాలుగా దాటబోతే చక్రం అందులో ఇరుక్కుంటుంది. పట్టాని వీలైనంత అడ్డంగా కోసుకుంటూ దాటాలి, తడిగా ఉంటే దిగి నడిపించుకుపోవడం మేలు.

తొక్కని మనిషి సంగతి ఎత్తగానే కొన్ని కంపెనీలు చెప్పే మందు ఒకటుంది: ఈ-బైక్ ఇస్తాం, ఇద్దరూ కలిసి రండి. ఇది పరిష్కారం కాదు. తొక్కడం ఇష్టంలేని మనిషికి మోటారు పెట్టినా ఇష్టం పుట్టదు. పైగా యూరప్ నిబంధనల ప్రకారం గంటకి 25 కిలోమీటర్లు దాటితే మోటారు సాయం ఆగిపోతుంది, దిగుడులో ట్రాఫిక్ మధ్య అదుపు మాత్రం తనదే. బ్యాటరీ లెక్క కూడా చూడండి. మనిషి, సైకిలు కలిపి 90 కిలోల బరువుని 1,000 మీటర్లు ఎత్తడానికి దాదాపు 245 వాట్ అవర్లు కావాలి. అందులో సగం మోటారు మోసినా, మోటారులో వృథా పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 160 దాకా ఖర్చు. సన్న ఫ్రేములో దాచిన 250 వాట్ అవర్ల బ్యాటరీ 2,000 మీటర్ల రోజుకి చాలదు. ఈ-బైక్ నిజంగా పనికొచ్చేది ఇద్దరూ తొక్కేవాళ్లే అయి, ఒకరు బలంగా, ఒకరు నెమ్మదిగా తొక్కే జంటకి.

తొక్కనివాళ్ల మిగతా రోజులు తేలిగ్గానే నిండుతాయి. పాల్మా నుంచి సోయెర్‌కి 1912 నాటి చెక్క పెట్టెల రైలు ఉంది, 27 కిలోమీటర్లు, కొండ సొరంగాలు, నారింజ తోటలు. పాల్మా కెథెడ్రల్, పియానో సంగీతకారుడు షోపెన్ 1838-39 చలికాలం గడిపిన వాల్‌దెమోసా మఠం ఉన్నాయి. తూర్పున ద్రాక్ గుహలకి సోయెర్ నుంచి ఒక పూట పైన పడుతుంది, హడావుడిగా చూపించే ప్యాకేజీలో అది లేకపోయినా నష్టం లేదు. బుధవారం సినేవ్ సంత మాత్రం వదలొద్దు. నడిమి చదును మీద ఊరు కాబట్టి తొక్కేవాళ్లకి అది కాళ్లు తేలికపడే రోజు, సంత చూసినవాళ్లకి బేరాలు, మేకలు, గొర్రెలు. భోజనం ఇద్దరికీ కలిసే వస్తుంది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. అక్కడ ప్రతి కాఫీ హోటల్లో కనిపించే ఎన్సైమాదా, గుండ్రంగా చుట్టి పంచదార చల్లిన మెత్తటి రొట్టె, పంది కొవ్వుతో చేస్తారు. పేరులోనే ఉంది, సైమ్ అంటే అక్కడి భాషలో పంది కొవ్వు. చూడ్డానికి అనుమానం రాదు. తుంబెత్ అడగండి: వేయించిన వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం మీద టమాటా గుజ్జు. మన నాలుకకి బాగా పడుతుంది, ఉప్పూ కారం కాస్త తక్కువంతే. టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన రొట్టె, పా అంబ్ ఒలి, ఎక్కడైనా దొరుకుతుంది, హ్యామ్ వద్దని చెప్పాలి. ఆవకాయ పట్టుకెళ్లొచ్చు, నెయ్యి మాత్రం వద్దు, పాల పదార్థాల్ని బయటి దేశాల నుంచి సామానులో తేనివ్వరు.

వెళ్లే కాలం మార్చి చివరి నుంచి మే, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు. జూలై, ఆగస్టుల్లో తొక్కడానికి ఎండ, తిరగడానికి జనం. షెంగెన్ వీసాకి 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకోవాలి, అందులో సైక్లింగ్ ప్రమాదాలు కలుస్తాయో లేదో చదవండి. అద్దె సైకిలు ఫ్రేము విరిగితే ఎవరు కట్టాలన్నది వేరే కాగితం.

చివరిగా ధర. కొన్ని ప్యాకేజీల్లో తొక్కేవాళ్లకీ తొక్కనివాళ్లకీ ఒకే రేటు వేస్తారు, ఆ రేటులో సైకిల్ అద్దె, గైడు ఖర్చు కలిసే ఉంటాయి. తొక్కని మనిషికి సైకిల్ అద్దె తీసేసి, ఆ డబ్బుని రెండో బండి డ్రైవరుకి, పడవ టిక్కెట్లకి, రైలు టిక్కెట్లకి సర్దమని అడగండి. దానికి ఒప్పుకుని, ఏ రోజు బండి ఎన్నింటికి ఎక్కడ ఉంటుందో కాగితం మీద రాసి పంపే కంపెనీకి అడ్వాన్సు కట్టేయొచ్చు.