హెల్మెట్ గురించి అడిగిన డాక్టరు గారు (విజయనగరం)

మయూరి జంక్షన్ వైపు ఉన్న ఒక సైకియాట్రీ క్లినిక్‌కి నాలుగు నెలలుగా వెళ్తున్నాను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, బాధ కలిగించినదీ ఉంది, అందుకే పేరు రాయడం లేదు.

నేను ఉద్యోగం మానలేదు, పెళ్ళిళ్ళకి వెళ్తాను, ఫొటోల్లో నవ్వుతాను. ఆరేళ్ళుగా దేనిమీదా మనసు లేదు, అంతే. "ఎప్పుడు చూసినా అలాగుంటావేట్రా" అని అమ్మ అంటుంటే నా తీరే అంత అనుకున్నాను.

డాక్టరు గారు ఎన్నాళ్ళ నుంచి అని అడిగాక, హెల్మెట్ పెట్టుకుంటారా అన్నారు. లేదన్నాను. ఎందుకని అంటే "ఏమైనా అయితే అయింది లెండి" అని నోట్లోంచి వచ్చేసింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, చనిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగారు. అలా అనిపించదు, కానీ ఉండాలనీ లేదన్నాను. పక్కనున్న మా ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది, స్టవ్ ఆపడం మర్చిపోతారని, వారం జ్వరమొచ్చినా రక్తపరీక్షకి వెళ్ళలేదని, సిగ్నల్ పడినా చూడకుండా బండి పోనిచ్చేస్తారని, అదంతా వింటుంటే నాకే భయమేసింది.

పెద్దవాళ్ళలో రెండేళ్ళు దాటి ఇలా ఉంటే డిస్థీమియా అంటారట. మంచాన పడేయదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, దాని మీదే పెద్ద డిప్రెషన్ కూడా వచ్చి పడొచ్చు. థైరాయిడ్ తక్కువైనా ఇలాగే ఉంటుందని ముందు ఆ టెస్ట్ రాశారు, అది నార్మల్. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందని మధ్యలో సొంతంగా ఆపేయొద్దని రెండుసార్లు చెప్పారు. ఐదో వారంలో అన్నం రుచి తెలిసింది. హెల్మెట్ కొన్నాను.

బాధ కౌంటర్ దగ్గర. "డిప్రెషన్ కేసు ఎవరండీ" అని అక్కడి అబ్బాయి హాలంతా వినపడేలా అరిచాడు. నా ముందు వరసలో ఒకావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, టోకెన్ కుర్చీ మీదే వదిలేసి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళగానే డాక్టరు గారికి చెప్పాను, ఇప్పుడు నంబర్లతోనే పిలుస్తున్నారు.

క్లినిక్‌కి రావడానికి మొహమాటమైతే మనసు బాధలు ఫోన్‌లో చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడొచ్చు. టోకెన్ వదిలేసి వెళ్ళిన ఆవిడ మాత్రం మళ్ళీ కనిపించలేదు, ఆ నంబరైనా తెలిసుంటే బాగుండు.